బాలమ్మక్క మాట కోసం కామాటిపురకు

కామాటిపుర పోయి వచ్చానంటే మా పాలమూరులో ఇద్దరు నవ్వారు, ఒకాయన గొంతు తగ్గించాడు. ముగ్గురూ చదువుకున్నవాళ్లే. ఆ పేటకు ఆ పేరు ఎందుకు వచ్చిందో మాత్రం ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. కామాటి అంటే మట్టి పని, రాతి పని చేసే కూలీ. మన దిక్కు నుంచి పోయిన తెలుగు కూలీలు బొంబాయిని కడుతూ కడుతూ గుడిసెలు వేసుకున్న చోటు అది. పేరు మనవాళ్లది. జనం నవ్వేది పడుపు వ్యాపారాన్ని తలచుకొని. ఆ వ్యాపారం అక్కడ లేదని నేననను. కొన్ని గల్లీల్లో ఉంది, మునుపటికంటే బాగా తగ్గింది. కానీ గోడలు కట్టినవాళ్లను మరచిపోయి, గోడల వెనక ఏం జరిగిందో మాత్రం గుర్తుపెట్టుకునే ఈ బుద్ధి ఉందే, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నేను బడికి పోయింది రెండో తరగతి దాకా. మిగతా చదువంతా పొట్లాలు కట్టిన పత్రికలు, గ్రంథాలయం బల్లలు చెప్పాయి. నలభై ఏళ్లు లారీ షెడ్డులో పని చేసి, చేతులు వణకడం మొదలయ్యాక మానేశాను. తొమ్మిదేళ్లుగా నాది ఒకటే పని. ముసలివాళ్ల పక్కన కూర్చొని, వాళ్ల బతుకు వాళ్ల గొంతుతోనే ఫోనులో రికార్డు చేస్తాను. తరువాత ఇంటివాళ్లను, వాడకట్టువాళ్లను కూర్చోబెట్టి వినిపిస్తాను. వినిపించకపోతే చేసింది సగం పనే. ఎందుకీ తాపత్రయం అని అడిగేవాళ్లకు ఒకటే జవాబు. మా అమ్మ పదకొండు ఎండాకాలాలు బొంబాయిలో తట్ట మోసింది. అక్కడి ముచ్చట్లు రోజుకొకటి చెప్పేది. ఆమె గొంతు నా దగ్గర లేదు.

మా ఊరి కుటుంబంవాడే, వరసకు బావమరిది అయ్యే ఎల్లప్ప కామాటిపురలో పుట్టి పెరిగాడు. మొన్న ఫోను చేశాడు. "మా చాళ్ కూలగొట్టి కొత్త బిల్డింగ్ కడ్తరట బావా. నెల రోజులల్ల ఖాళీ చెయ్యాలె. ఎవలు ఏడ వడ్తరో తెల్వదు. తట్ట మోసిన ముసలోళ్లు ఐదుగురే మిగిలిన్రు. నువ్వు జెల్ది రా." మరుసటి రోజే రైలెక్కాను.

గ్రాంట్ రోడ్ బయట

దాదర్‌లో దిగి లోకల్ పట్టుకున్నాను. కిటికీ పక్కనున్న ఒక ముసలాయన జరిగి, నా సంచికి జాగా చేశాడు. నాకు మాత్రం చేయలేదు. సంచి కూర్చొని, నేను నిలబడి, గ్రాంట్ రోడ్ చేరాం.

స్టేషన్ బయట టాక్సీ ఎక్కి "కామాటిపుర" అన్నాను. డ్రైవరు అద్దంలో నా తెల్లజుట్టు చూశాడు.

"క్యా బాబా, ఇస్ ఉమర్ మే?" అని, ఈ వయసులో అక్కడేం పని అన్నట్టు పళ్లన్నీ బయటపెట్టాడు.

నాకు హిందీ నేర్పింది లారీ షెడ్డు. అందులో మర్యాద పాలు తక్కువ. "నువ్వు పుట్టకముందు మా అమ్మ ఈ ఊరి గోడలకు సున్నం మోసింది. మా అమ్మ కట్టిన ఊరికి పోతున్నా. నోరు మూసుకొని బండి తియ్" అన్నాను.

అతను నవ్వు ఆపాడు. రెండు మలుపులు తిరిగాక తనది జౌన్‌పూర్ అని, తన తండ్రి కూడా ఇక్కడికి వచ్చి ఇటుకలే మోశాడని చెప్పాడు. ఆయన ముచ్చట్లు ఎవరైనా రాసుకున్నారా అని అడిగాను. "ఎవరు రాస్తారు బాబా? ఆయన పోయి పదేళ్లయింది" అన్నాడు. మీటరు ఎంత చూపిస్తే అంతే తీసుకున్నాడు. ఈ సంగతి మన హైదరాబాదు ఆటోవాళ్లకు ఎవరైనా చెప్పండి.

గల్లీ నంబరు రాయొద్దని చాళ్‌వాళ్లు అడిగారు. రాయను. ఎందుకు వద్దన్నారో ముందు ముందు మీకే తెలుస్తుంది.

నీళ్ల వేళ

చాళ్ అంటే మూడంతస్తుల పాత మేడ. అంతస్తుకు ఒక పొడుగాటి వరండా, ఆ వరండా మీదికి పద్దెనిమిది తలుపులు. ఒక్కో తలుపు వెనక ఒక్కో గది. దాన్ని వాళ్లు ఖోలీ అంటారు. అందులోనే వంట, పడక, దేవుడు, టీవీ. ప్రతి తలుపు పక్కన ఒక నీళ్ల డ్రమ్ము. నీళ్లు పొద్దున గంటన్నర వస్తాయి. నేను సరిగ్గా ఆ గంటన్నరలోనే అడుగుపెట్టి, నా సంచితో ఒక డ్రమ్మును తోశాను. అది పోయి పక్కదాన్ని తోసింది. వరండా అంతా వాగైంది.

"ఓ పెద్దాయనా! గంగల మునగనీకి ఈడిదాక వొచ్చినవా? కాశీకి వోవద్దా?" అని ఒకామె అందుకుంది. ఇంకొకామె మరాఠీలో ఏదో అంది. అర్థం కాకపోవడమే మంచిదైంది.

ఎల్లప్ప పరిగెత్తుకొచ్చాడు. "మా బావ. పాలమూర్ నుంచి వొచ్చిండు."

మొదట తిట్టినామే చీపురు పట్టుకొని ఆగింది. "పాలమూరా? ముందుగాల చెప్పొద్దా? మనోడే. ఇంకో నాలుగు తిట్టొచ్చు" అంది. తిట్టింది కూడా. తరువాత టీ ఇచ్చింది.

మా ఊళ్లో కొత్త మనిషి వస్తే కులం, గోత్రం దాకా ఆరా తీసి ఆ తరువాత మంచినీళ్లు ఇస్తారు. ఇక్కడ జిల్లా పేరు చాలు. నాలుగు తరాల కింద వచ్చిన కుటుంబాలవాళ్లు కూడా 'మాది ఫలానా తాలూకా' అంటారు, అది ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో తెలియకపోయినా. పిల్లలు తమలో తాము మరాఠీలో మాట్లాడుకుంటారు, అవ్వ పిలిస్తే తెలుగులో పలుకుతారు. గల్లీ మొదట్లో ఒకామె పుంటికూర కట్టలు అమ్ముతోంది, పక్కనే వడాపావ్ బండి. ఎల్లప్ప ఇంట్లో రెండూ ఒకే పళ్లెంలో పెట్టారు. నాకేం ఎబ్బెట్టుగా లేదు.

పొయ్యి ఎటువైపు ఉండేది?

ముసలివాళ్ల దగ్గర కూర్చొని 'మీ జీవితం గురించి చెప్పండి' అంటే ఎవరూ చెప్పరు. జీవితం అనే మాట వినగానే గొంతు సవరించుకొని 'ఏముంది, కష్టపడ్డాం, పిల్లల్ని పెంచాం' అంటారు. అయిపోయింది. నేను అట్లా అడగను. మీ గుడిసెలో పొయ్యి ఎటువైపు ఉండేదని అడుగుతాను. పొయ్యి చెప్పాలంటే గోడ చెప్పాలి. గోడ చెప్పాలంటే అది ఎవరు కట్టారో చెప్పాలి. గంట తిరిగేసరికి ఊరంతా వచ్చేస్తుంది. ఇంకొక సంగతి కూడా నేర్చుకున్నాను. వాళ్లు ఆగినప్పుడు మనం మాట్లాడకూడదు. మనసులో ఇరవై లెక్కపెట్టుకోవాలి. మంచి మాట చాలాసార్లు పదిహేను దాటాకే వస్తుంది.

ఈ పద్ధతిలో రెండు రోజుల్లో నలుగురివి పూర్తి చేశాను. ఒకాయన సిమెంటు కలిపే మిల్లరు నడిపినవాడు. యంత్రం చప్పుడు నోటితో చేసి చూపించాడు, ఆ తరువాతే మాట వచ్చింది. ఒక అక్కాచెల్లెళ్ల జంట ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పారు. విడదీసి కూర్చోబెడితే ఇద్దరూ మూగబోయారు. మళ్లీ కలిపాను. ఇంకొకాయన ఏ మేడ చూపించినా నేనే కట్టానన్నాడు. రైల్వే స్టేషను కూడా. నేను కాదనలేదు.

ఐదో మనిషి బాలమ్మక్క. ఆదివారం పొద్దున, చాళ్‌వాళ్లు పండగలకు కూడే మండలి గదిలో అందరికీ వినిపించాలని అనుకున్నాం. ఆమెది గురువారం మొదలుపెట్టాను.

ఆగిన అంకెలు

బాలమ్మక్కకు ఎనభై రెండేళ్లని కొడుకు అంటాడు, ఇంకా ఎక్కువేనని ఆమె అంటుంది. కుడి తుంటి విరిగి అతికింది. నడిస్తే ఒక పక్కకు ఒరుగుతుంది. కొడుకు దత్తుకు యాభై ఎనిమిది. ఒక పెద్ద సొసైటీలో కరెంటు పని చూస్తాడు. మంచివాడు. తల్లి పళ్లెంలో రొట్టె తనే తుంచి పెడతాడు.

పొయ్యి గురించి అడిగాను. బాలమ్మక్క అడగని వాటికి కూడా జవాబు చెప్పే మనిషి.

"పొయ్యి ఏడిది తమ్మీ? పని కాడనే మూడు ఇటికలు. పొద్దుగాల మేస్త్రి రాకముందే రొట్టెలు చేసుకోవాలె. గమేలా, గదే సున్నం మాలు మోసే తట్ట, నెత్తిన వెట్టుకుంటే సాయంత్రమే దింపుడు. మేము వరసల నిలవడ్తుంటిమి, కింది నుంచి పైదాక. ఒకలి చేతిల నుంచి ఒకలకు. నడుమ ఎవలన్న కింద వెడ్తే మాలు గట్టివడ్తది, మేస్త్రి తిడ్తడు. పిల్లగాండ్లను ఏం చేస్తుంటిమంటవా? పరంజా వెదుర్లకు చీర కట్టి ఉయ్యాల. మా దత్తుగాడు గట్లనే ఊగిండు. నేను పైన, వాడు కింద. పక్క గల్లీల ఒక ఇల్లు రిపేర్ చేస్తుంటిమి. ఉయ్యాలకు ఎదురుంగ గడప మీద ఒకామె కూసుంటుండె. ఆ ఇండ్లల్ల ఆమె…"

నేను రికార్డింగ్ ఆపాను.

"మంచినీళ్లు తాగుతావా అక్కా?" అని, ఆ పరంజా ఎంత ఎత్తున ఉండేదో చెప్పమన్నాను. చెప్పింది. మళ్లీ మొదలుపెట్టాను. కొంతసేపటికి కథ మళ్లీ ఆ గడప దగ్గరికే వచ్చింది. మళ్లీ ఆపాను. సున్నం గానుగ గురించి అడిగాను. మూడోసారి కూడా అంతే.

ఎందుకు ఆపానో దాచను. కామాటిపురను దాని కూలీలకు తిరిగి ఇప్పించడానికి వచ్చానని నా గర్వం. నా రికార్డుల్లో ఆ వ్యాపారం ఊసు ఒక్క ముక్క కూడా ఉండొద్దని రైల్లోనే తీర్మానించుకున్నాను. తొమ్మిదేళ్లలో నేను ఎవరి మాటా మధ్యలో తుంచలేదు. ఆమెది మూడుసార్లు తుంచాను.

బాలమ్మక్క కొంగుతో మూతి తుడుచుకుంది. ఫోను వైపు వేలు చూపించింది.

"తమ్మీ, నాకు సదువు రాదు గని అంకెలు వొస్తయి. అండ్ల అంకెలు ఉరుకుతుంటయి. ఆ గడప కాడికి రాంగనే అంకెలు ఆగుతున్నయి. మూడు తాపలు సూసిన. కండ్లకు మొన్ననే ఆపరేషన్ అయ్యింది, మంచిగనే కనవడ్తది."

నేను ఫోను తీసి జేబులో పెట్టుకున్నాను.

"నా మాట కావాల్నని వొచ్చినవా, నీ మాట నా నోట్లె వెట్టనీకి వొచ్చినవా? ఫో. రేపు వొస్తే రా, లేకుంటే లేదు."

వరండాలో పద్దెనిమిది తలుపుల ముందు నుంచి నడిచి పోయాను. డ్రమ్ము తోసిన రోజు కూడా ఇంత సిగ్గుపడలేదు.

శుక్రవారం

పొద్దున్నే పోయాను. రొట్టె చేస్తోంది. పీట మీద పిండి చల్లి, అరచేత్తో తిప్పుతూ తడుతోంది. మా ఇంట్లో చేసినట్టే. "కూసో" అంది. పచ్చికారం వేసి రెండు రొట్టెలు పెట్టింది. తిన్నాక, ఫోను మా ఇద్దరికీ కనపడేటట్టు బియ్యం డబ్బా మీద నిలబెట్టాను. "అక్కా, నువ్వు ఆపమంటేనే ఆపుతాను" అన్నాను.

ఆమె అంకెలు కదులుతున్నాయో లేదో చూసుకొని మొదలుపెట్టింది. ఇది ఆమె మాటే. నేను ఒక్క పదం మార్చలేదు.

"నేను పైనుంచి వడ్డ. వెదురు ఇరిగింది. నన్ను తీస్కవోయి దవాఖానల ఏసిన్రు. మా ఆయన నా ఎంబడి ఉరికిండు. అందరు నా ఎంబడి ఉరికిన్రు. ఉయ్యాలల పోరడు ఉన్నడని ఎవలకు యాది లేదు. ఆ గడప మీది ఆమె వొచ్చి ముడి ఇప్పింది. ఆమె రోజు కాలితోని ఆ ఉయ్యాల ఊపుతుండె, నాకు పైనుంచి కనవడ్తుండె. నాలుగు నెలలు నేను దవాఖానల. పోరనికి తొమ్మిదో నెల. ఆమె ఖోలీలనే పాకిండు, ఆమె ఖోలీలనే నడిసిండు. నా దగ్గరికి తెస్తే నన్ను జూసి ఏడ్సిండు.

"ఇంటికి వొచ్చినంక మా ఆయన ఆ దిక్కు వోవద్దన్నడు. నేను దొంగతనంగ పంపేటిదాన్ని. బడిల ఏసే రోజు ఆమె తానం జేసి, మంచి చీర కట్టుకొని, వాని చెయ్యి వట్టుకొని బడి మెట్ల మీదికి వొచ్చింది. పంతులు నన్ను అడిగిండు, ఈమె ఎవలు అని. నేను… నాకు తెల్వదు అన్న. నాకు తెల్వదు అన్న తమ్మీ. ఆమె నా మొఖం జూసి, వాని చెయ్యి ఇడిసిపెట్టి, మెట్లు దిగి వోయింది. మల్ల రాలే. ఆ ఖోలీల ఇంకెవలో వొచ్చిన్రు."

ఆగింది. నేను లెక్కపెట్టాను. ఇరవై దాటింది, ముప్పై దాటింది.

"ఇన్ని ఏండ్లు ఎవలకు చెప్పలే. ఐతారం నాడు అందరి ముంగట ఇది వినవడాలె. నా కొడుకు ముంగట వినవడాలె. ఆమె నాకు తెలుసు. ఆమె పేరు శేవంతి. బెళగావి దిక్కుది. ఇగ ఆపు."

అప్పుడు ఆపాను.

కొయ్యమన్నారు

ఖోలీల్లో గోడలు పలుచన. సాయంత్రానికి దత్తు, ఎల్లప్ప కలిసి వచ్చారు. దత్తు నిలబడే మాట్లాడాడు.

"కాకా, మా అమ్మ ఆ గల్లీ ముచ్చట ఏదో చెప్పిందట. అది కొయ్యుండ్రి."

"ఏం చెప్పిందో విన్నావా?"

"వినే పని లేదు. కామాటిపుర అని చెప్తే మాకు కిరాయికి ఇల్లు దొరకదు, పిల్లలకు సంబంధం దొరకదు. ఆఫీసుల అడ్రస్ అడిగితే నా బిడ్డ ముంబై సెంట్రల్ అంటది. నేను గూడ గదే అంటా. బస్, గింత మానంగ బతకనీకి ఎంత తిప్పలవడ్డమో మీకేం తెలుసు? మీరు రెండు రోజులుండి పోతరు. మేము ఈడ ఉండాలె."

అతను చెప్పింది అబద్ధం కాదు. ఈ పేరు చెబితే నవ్వే లోకం ముందు పెరిగినవాడు అతను. నేను టాక్సీలో ఒక్కసారి పడ్డది అతను రోజూ పడ్డాడు. ముందు రోజు దాకా నేను కూడా ఆ కత్తెర పట్టుకొనే కూర్చున్నాను కదా. అయినా ఒక సంగతి ఖాయంగా చెప్పాను. "గొంతు మీ అమ్మది. కోయమని ఆమె చెబితే ఇప్పుడే కోస్తాను. మీరు చెబితే కోయను. ఎల్లప్పా, నువ్వు చెప్పినా కోయను."

ముగ్గురం ఆమె ముందుకు పోయాం. కొడుకు మరాఠీలో బతిమాలాడు. ఆమె మంచం మీద నుంచి లేవలేదు.

"కొయ్యాల్నంటే మొత్తం కొయ్యుండ్రి. నా పేరు గూడ తీసెయ్యుండ్రి. సగం గమేలా పైకి పంపుడు నాకు రాదు" అంది తెలుగులో.

"ఆయీ, గల్లీ అంతా వింటది" అన్నాడు దత్తు.

"ఇననీ. అందుకే చెప్పిన."

దత్తు చెప్పులేసుకొని బయటికి పోయాడు. ఆదివారం తాను రానన్నాడు. ఎల్లప్ప నా వైపు చూసి, "బావా, నిన్ను పిలిచి నేను తప్పు చేసిన్నేమో" అన్నాడు. "తప్పో ఒప్పో ఆదివారం తెలుస్తుంది, ముందు స్పీకరు సంగతి చూడు" అన్నాను.

ఆదివారం పొద్దున

మండలి గది కింది అంతస్తులో ఉంది. వినాయక చవితికి వాడే పెద్ద స్పీకరు తెచ్చి పెట్టారు. అరవై మంది దాకా వచ్చారు. సగం మంది వరండాలో. సామాన్లు అప్పటికే మూటలు కట్టుకున్నవాళ్లు మూటల మీదే కూర్చున్నారు. మిల్లరు చప్పుడు చేసిన పెద్దాయన కథకు పిల్లలు పడీ పడీ నవ్వారు. స్టేషను కట్టినాయన తన కథ విని, "అది నేనే చెప్పిన" అని పక్కవాళ్లకు రెండుసార్లు చెప్పాడు. అక్కాచెల్లెళ్ల కథ నడుస్తుంటే వాళ్లిద్దరూ మళ్లీ కొట్లాడుకున్నారు.

బాలమ్మక్క ముందు వరసలో కుర్చీలో ఉంది. ఆమె కథ మొదలుపెట్టేముందు నేను తలుపు వైపు చూశాను. దత్తు వచ్చాడు. లోపలికి రాలేదు, చౌకట్టుకు భుజం ఆనించి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆపించడానికి వచ్చాడేమోనని ఎల్లప్ప లేచి అతని పక్కకు పోయాడు.

గొంతు వచ్చింది. మూడు ఇటుకల పొయ్యి. వరస. ఉయ్యాల. గడప దగ్గరికి రాగానే గదిలో గుసగుసలు లేచాయి. నన్ను మొదటి రోజు తిట్టినామె వెనక్కి తిరిగి, "వినుండ్రే" అని కసిరింది. ముడి విప్పిన చోట ఒక ముసలామె 'అయ్యో' అంది. తరువాత బడి మెట్లు వచ్చాయి. ఫోనులో ఆమె ఆగిన ఆ ముప్పై లెక్కలూ స్పీకర్లో కూడా అలాగే ఆగాయి. తరువాత పేరు వచ్చింది, 'ఇగ ఆపు' అన్న మాట వచ్చింది, అయిపోయింది.

దత్తు చెయ్యి ఎత్తాడు.

"కాకా."

అందరూ అటు తిరిగారు. ఎల్లప్ప అతని భుజం మీద చెయ్యి వేయబోయాడు. దత్తు పక్కకు జరిగి లోపలికి వచ్చాడు.

"జర ఎనుకకు వోండ్రి. పేరు కాడికి."

సరిగా విన్నానో లేదో తెలియలేదు.

"ఆమె నాకు యాదికున్నది" అన్నాడు. "పల్లీలు, బెల్లం నా జేబుల వోసేది. నేను మావుశీ అంటుంటి, మన చిన్నమ్మ లెక్క. బడిల వడ్డంక ఎందుకు రాదని అడిగితే నాయిన కొట్టిండు. పేరు ఎవలు చెప్పలే నాకు."

వెనక్కి జరిపాను. మొదటిసారి ఎక్కువ వెనక్కి పోయింది. మళ్లీ సరిచేశాను. స్పీకర్లో బాలమ్మక్క గొంతు చెప్పింది. ఆమె నాకు తెలుసు. ఆమె పేరు శేవంతి.

దత్తు పెదవులు ఆ పేరు పట్టుకొని కదిలాయి. మాట బయటికి రాలేదు.

కుర్చీలోంచి తల్లి అతని చొక్కా చివర పట్టుకొని గుంజింది.

"గట్టిగ అను. నాకు ఈ దిక్కు చెవు వినవడదు."

అతను వంగి, ఆమె రెండో చెవి దగ్గర ఆ పేరు గది అంతా వినేటట్టు అన్నాడు.